స్టేషన్ మాస్టరు గదిలో గడియారం

ఆదివారం సాయంత్రం ఆరూ ఇరవైకి బస్సు డ్రైవరు ఆ ఫైలు దింపుకున్నాడు. ఆరూ యాభై రెండుకి కంప్యూటరు తెరను ఫోనుతో ఫొటో తీశాడు. ఏడూ ఇరవైకి కంప్యూటరు చచ్చింది. ఈ మూడు టైములూ అతను తడుముకోకుండా చెప్పాడు. ముప్పై ఏళ్ళు టైము ప్రకారం బండి నడిపినవాళ్ళ సాక్ష్యమంటే నాకు ఇష్టం. మిగతావాళ్ళు "సాయంత్రం పూట" అంటారు, "అలా చీకటి పడుతుండగా" అంటారు, నా ప్రాణం తీస్తారు.

"వారమంతా బస్సు తోలి, సెలవురోజు ఇంట్లో కూర్చుని రైలు తోలతారా?" అని అడిగాను.

"రైలుకి ఎవడూ అడ్డం రాడు మేడమ్" అన్నాడు, డిపో బెంచీ మీద జరిగి నాకు చోటిస్తూ. "ఆ సుఖం మీకు తెలీదు."

నాకు నిజంగానే తెలీదు. మూడు రోజుల కిందటిదాకా కంప్యూటరు ఆటల్లో నాకు ఓనమాలు రావు. ఇప్పుడు వచ్చినదల్లా ఇంతే. రైలు నడిపే ఆట ఒకటుంది, దాన్ని ఒక కంపెనీ అమ్ముతుంది. ఆడేవాళ్ళలో కొందరు తమ సరదాకొద్దీ దానికి కొత్త ఇంజన్లు, కొత్త స్టేషన్లు తయారుచేసి మిగతావాళ్ళకి ఊరికే పంచుతారు. అలా అతికించుకునే ముక్కని మోడ్ అంటారు. గడియారాలు బాగుచేసే ఒకావిడ రెండేళ్ళు కూర్చుని ఒక పెద్ద జంక్షను కట్టింది. శుక్రవారం అది విడుదలైంది. ఆదివారం అదే జంక్షను పేరుతో వచ్చిన ఫైలొకటి రెండువందల పద్నాలుగు మంది కంప్యూటర్లలో ఉన్నదంతా తాళం వేసి కూర్చుంది.

ఆ ఫైల్లో విషం, అంటే వైరస్, కలిపింది ఆవిడేనని కంపెనీ అంటోంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి పోలీసులకి ఫిర్యాదు ఇస్తారు. ఇస్తే ఆవిడ లోపలికి, దుకాణానికి తాళం, ఆవిడ మోడ్ పెట్టిన సైటుకి కూడా తాళం. ఆ సైటు నడిపే రిటైర్డ్ లైబ్రేరియన్ నిజం తేల్చమని నన్ను ఈ పనిలో పెట్టాడు. ఇప్పుడు పదకొండూ నలభై.

"మీకేం పోయాయి?"

"మా అమ్మాయి మొదటి అడుగులు వేసిన వీడియో" అన్నాడు డ్రైవరు. "ఇంకో కాపీ లేదు. అది ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మళ్ళీ నడవమంటే నడుస్తుందనుకోండి, కానీ అలా నడవదుగా."

నాకు బాధేసింది. బాధని నోట్‌బుక్కులో రాసుకోను కాబట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాను.

"ఫైలు ఎక్కడ దింపుకున్నారు?"

"లైబ్రేరియన్ మాస్టారి సైట్లోనే. ఆకుపచ్చ రంగు, పైన పుస్తకం బొమ్మ."

"పేరు రాశారా?"

"ఏం పేరు?"

"ఆయన సైట్లో రిజిస్టరు ఉంటుంది. మీ పేరు, ఆ మోడ్ మీకెందుకో ఒక ముక్క రాయందే ఫైలు ఇవ్వడు."

"అలాంటిదేం లేదే" అన్నాడతను. "నొక్కాను, దిగింది."

నాకు కావలసింది అదే. వెళ్ళబోతూ, ఆరూ యాభై రెండుకి తీసిన ఫొటో నా ఫోనుకి పంపమన్నాను. ఎందుకు తీశారని అడిగితే కొంచెం సిగ్గుపడ్డాడు. మొదటిసారి ఆ జంక్షనులో సరిగ్గా టైముకి బండి ఆపాడట. డిపోలో స్నేహితులకి చూపించుకుందామని తీశాడట.

*

లైబ్రేరియన్ ఇంటి ముందుగదిలో కంప్యూటరు ఒక పక్క, మిగతా మూడు పక్కలా బీరువాలు. డెబ్భై దాటిన మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోడు, తలే పైకెత్తుతాడు. రిజిస్టరంతా కాగితాల మీద అచ్చువేసి, కుట్టించి పెట్టాడు.

"శుక్రవారం నలభై ఒక్కమంది. ఆదివారం రాత్రికి మొత్తం తొంభై ఆరు" అన్నాడు. "పాడైన రెండువందల పద్నాలుగు మంది పేర్లూ మీరిచ్చారుగా. ఒక్కటి కూడా ఇందులో లేదు. రెండుసార్లు వెతికాను."

"తొంభై ఆరేనా? తక్కువ కదా."

"తక్కువే. పేరు రాయమంటే సగం మంది గుమ్మంలోంచే వెనక్కి పోతారు. ముసలాడి చాదస్తం అని నవ్వుకుంటారని నాకు తెలుసమ్మా. నలభై ఏళ్ళు ఏ పుస్తకమూ ఎవరి చేతికి వెళ్ళిందో రాయకుండా ఇవ్వలేదు. ఇప్పుడు ఇవ్వమంటే చెయ్యి రాదు."

"కంపెనీవాళ్ళు ఈ రిజిస్టరు మీరే రాసుకున్నారంటారు."

"అంటారు" అని ఒప్పుకున్నాడు. "అందుకేగా మిమ్మల్ని పిలిచాను."

తన దగ్గరున్న జంక్షను తెరమీద తెరిచి చూపించమన్నాను. కంపెనీ చెప్పే నేరం జరిగింది అక్కడే కాబట్టి స్థలం చూడటం నా పని. ఆయన మౌసు కదుపుతుంటే నేను పక్కన కుర్చీలో కూర్చుని ప్లాట్‌ఫారం మీద నడిచాను. చెప్పకేం, అందంగా ఉంది. టికెట్ కిటికీ చెక్క అంచు జనం మోచేతులు ఆని నునుపుదేలి ఉంది. నీళ్ళ కుళాయి కింద నేల పాకుడు పట్టి ఉంది. గడియారాలు మొత్తం పదిహేడు. లెక్కపెట్టాను. పదహారు నడుస్తున్నాయి, ముల్లుకి ముల్లు కలిసి.

పదిహేడోది స్టేషన్ మాస్టరు గదిలో ఉంది. కుర్చీ వెనక, గోడకి, పళ్ళెమంత గుండ్రటి గడియారం. అది ఆగిపోయి ఉంది. తొమ్మిదీ నలభై.

"ఇదేమిటి?"

"ఆగిన గడియారం ఒకటైనా లేకపోతే స్టేషనులా ఉండదని ఆవిడే అంది."

బస్సు డ్రైవరు పంపిన ఫొటో నా ఫోనులో తెరిచి తెర పక్కన పెట్టాను. అతని బండి ఆగిన చోటినుంచి కిటికీలోంచి అదే గది, అదే కుర్చీ, అదే గడియారం. అదీ ఆగే ఉంది. ముళ్ళు నాలుగూ ముప్పై అయిదు దగ్గర.

లైబ్రేరియన్ తల ఇంకాస్త పైకెత్తాడు. "నాకు పంపింది ఇదేనమ్మా. నేను ప్రతి మోడూ గంటసేపు ఆడి చూసి మరీ పెడతాను గానీ, అందులో చెయ్యి పెట్టను. ముల్లు కూడా కదపను."

నేను నమ్మాను. అంటే ఒకే జంక్షనుకి రెండు రకాల కాపీలు ఉన్నాయన్నమాట. విషం కలిసినది ఈయన గుమ్మంలోంచి వెళ్ళలేదు. ఎవరి గుమ్మంలోంచి వెళ్ళిందో ఆ గడియారానికి తెలుసు, లేదా దాన్ని ఆపినావిడకి తెలుసు.

*

గడియారాల దుకాణం రెండు బల్లల వెడల్పు. ముందు బల్ల భర్తది. బెల్టులు, బ్యాటరీలు, అద్దాలు అతను చూస్తాడు. వెనక బల్ల ఆవిడది. కంటికి భూతద్దం తగిలించుకుని, చేతిలో పట్టకారుతో, తలెత్తకుండా "కూర్చోండి మేడమ్" అంది. రెండూ ముప్పై అయిదు. ఇంకో గంటన్నరలో అరెస్టయ్యే మనిషి ఎవరిదో గడియారంలో వెంట్రుకంత స్ప్రింగు సర్దుతోంది.

"మీ జంక్షను కాపీలు ఎవరెవరికి ఇచ్చారు?"

"మాస్టారికి ఇచ్చాను. అంతకు ముందు కంపెనీవాళ్ళ సొంత దుకాణానికి పంపాను. హక్కులన్నీ రాసివ్వాలన్నారు, ఇవ్వనన్నాను, తిప్పి పంపేశారు."

"ఇంకెవరికి?"

"ఎవరికీ లేదు."

'ఎవరికీ' అన్నది నా ప్రశ్న పూర్తయ్యేలోపే వచ్చేసింది. వినిపించుకోనట్టు నా చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టాను. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది, అది అబద్ధం కాదు. ఆవిడ వెనక మూత తీసి భూతద్దం నాకిచ్చింది. మూత లోపల సన్నటి గీతలు, సూదితో గీసినట్టు, నాలుగు రకాలు.

"ఏమిటివి?"

"ఇదివరకు దీన్ని నలుగురు విప్పారు మేడమ్. బాగుచేసిన ప్రతివాళ్ళూ లోపల ఒక గుర్తు గీస్తారు. రేపు తిరిగొస్తే ఎవరి చేతిలోంచి వెళ్ళిందో తెలియాలిగా. గడియారం పెట్టుకునేవాళ్ళకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు."

"మీరూ గీస్తారా?"

"నా చేతికొచ్చిన ప్రతిదానికీ."

"స్టేషనుకి కూడానా?"

పట్టకారు గాల్లో ఆగింది. నేను ఫోనులో ఫొటో తెరిచి ముందుకి తోశాను. "మాస్టారి దగ్గర తొమ్మిదీ నలభై. కంపెనీకి పంపినదాంట్లో ఎంత?"

"పదకొండూ అయిదు" అంది.

"మరి నాలుగూ ముప్పై అయిదు ఎవరిది?"

ఆవిడ ఫొటో చూసింది. తర్వాత చూసింది మాత్రం ఫొటోని కాదు. ముందు బల్ల దగ్గర బెల్టుకి కన్నం పొడుస్తున్న భర్త వీపుని చూసింది. రెప్పపాటు సేపే. నేను పాతికేళ్ళుగా బతుకుతున్నది ఆ రెప్పపాట్ల మీదే.

"నేనే చేశాను మేడమ్" అంది గొంతు తగ్గించి. "విషం నేనే కలిపాను. రాసుకోండి."

"ఎప్పుడు?"

"ఆదివారం మధ్యాహ్నం."

"ఆదివారం పొద్దున్నించి సాయంత్రం అయిదింటిదాకా మీరు మీ చెల్లెలి ఇంట్లో ఉన్నారు. నిన్న ఆవిడతో మాట్లాడాను. పోనీ, దేంతో కలిపారు? ఎలా?"

ఆవిడ నా గడియారం మూత పెట్టి, మళ్ళీ తీసింది. అబద్ధం చెప్పడం కూడా ఒక పనితనమే. ఆ పని ఆవిడకి చేతకాదు.

"విన్నాను" అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "నేరం ఒప్పుకుంది. ఇంక నీకిక్కడ పనేముంది?"

కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు గంట ముందే వచ్చాడు. రెండూ యాభై. మేమిద్దరం ఒకప్పుడు ఒకే ఇన్సూరెన్స్ ఆఫీసులో పక్కపక్క బల్లల మీద కూర్చుని కాలిపోయిన గోదాముల ఫైళ్ళు చూసినవాళ్ళం. అతనికి నా నోరంటే గిట్టదు, నాకతని తొందరంటే గిట్టదు. చేతిలో ఫిర్యాదు, రెండు కాపీలు.

"ఒప్పుకోలు కాదది" అన్నాను. "ఎలా చేసిందో చెప్పలేని మనిషి ఎందుకు ఒప్పుకుంటుందో నీకు తెలీదా? మనం అలాంటి ఫైళ్ళు ఎన్ని చూడలేదు?"

"నీకెప్పుడూ కేసులో ఇంకో కేసు కనిపిస్తుంది. నాకు రెండువందల పద్నాలుగు కంప్యూటర్లు కనిపిస్తున్నాయి. ఎవడి ఇంట్లో వాడు సైటు పెట్టుకుని పంచిపెడితే ఇలాగే అవుతుంది. మోడ్ అన్నది మా దుకాణంలోంచే వెళ్ళాలి. ఒకటే గుమ్మం, ఒకటే కాపలా."

"ఆ గుమ్మం దాటాలంటే రెండేళ్ళ కష్టం మీ పేర రాసివ్వాలట కదా."

"రాసిస్తే ఏం పోయింది? లక్షమంది ఆడతారు. ఆ పెద్దాయన దగ్గర ఎంతమంది? తొంభై ఆరు!"

ముందు బల్ల దగ్గర కన్నం పొడిచే చప్పుడు ఆగింది.

"మీ కాపలావాడికి కునుకు పడితే లక్షమందీ ఒకేసారి మునుగుతారు" అన్నాను. "ఆ పెద్దాయనకి కునుకు పడితే తొంభై ఆరుగురు, వాళ్ళ పేర్లు కూడా రాసుంటాయి, ఫోను చేసి చెప్పొచ్చు. ఏదీ, ఆ ఫిర్యాదు ఇటు ఇవ్వు."

ఇవ్వాల్సిన పని లేదు. ఇచ్చాడు. నా మొహం మాడటం చూడాలని అతని సరదా. పదకొండు పేజీలు. ఏడో పేజీలో జంక్షను ఫొటో, కింద రాత: శనివారం మధ్యాహ్నం మూడింటికి కంపెనీ పరిశీలన విభాగం లైబ్రేరియన్ సైటు నుంచి ఈ మోడ్ తీసుకుని పరీక్షించింది, విషం ఉన్నట్టు అనుమానం కలిగింది. ఫొటో మూలన తేదీ, గంట, నిమిషం అచ్చయి ఉన్నాయి. తీసినవాడికి కళాదృష్టి ఉంది. జంక్షను మొత్తంలో అందమైన చోటు ఎంచుకున్నాడు. స్టేషన్ మాస్టరు గది.

గోడమీద గడియారం నాలుగూ ముప్పై అయిదు.

నేను ఆవిడ వైపు వంగాను. "ఈ టైము ఎవరిదో చెప్తే మీరు ఈ క్షణం బయటపడతారు."

"వద్దు మేడమ్" అంది. కళ్ళ నిండా నీళ్ళు. "దణ్ణం పెడతాను."

నా పని దణ్ణాలు అందుకోవడం కాదు. ముందు బల్ల దగ్గరికి వెళ్ళి, బజారులో దారి అడిగినట్టు అడిగాను. "మీ ఆవిడ కట్టిన జంక్షను మీరు కూడా ఆడతారా?"

"రోజూ" అన్నాడు భర్త. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. "ముందు నాకే ఇస్తుంది. తప్పులుంటే చెప్పమని."

"స్టేషన్ మాస్టరు గదిలో ఒక గడియారం ఆగిపోయి ఉంటుంది కదా, ఎంత చూపిస్తుంది?"

"నాలుగూ ముప్పై అయిదు" అన్నాడు వెంటనే. "ఏం, అందరిదీ అంతేగా?"

వెనక బల్ల దగ్గర ఏదో చిన్న ఇనుప ముక్క కింద పడింది. ఎవరూ వెతకలేదు.

"ఆ ఫైలు మీరు ఎవరికిచ్చారు?" అన్నాను.

అతను ముందు భార్యని చూశాడు, తర్వాత నన్ను. దాచాలని చూడలేదు. "శుక్రవారం రాత్రికి నలభై ఒక్కమంది మేడమ్. రెండేళ్ళు. కళ్ళు పోగొట్టుకుంది. నలభై ఒక్కమంది! నాకు కడుపు మండింది. కొత్తగా ఎక్స్‌ప్రెస్ అని ఒక సైటు వచ్చింది, పేర్లూ గీర్లూ అక్కర్లేదు, పెట్టిన గంటలో వేలమందికి వెళ్ళిపోతుందన్నారు. తనకి చెప్పకుండా వాళ్ళకి పంపాను. అందరూ ఆడుతుంటే అప్పుడు చూపిద్దామని."

"ఎప్పుడు పంపారు?"

ఫోను తీసి చూపించాడు. వాళ్ళ జవాబు: శనివారం పొద్దున పదకొండూ పన్నెండు. 'మీ మోడ్ అందింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి పెడతాం.'

"కానీ వాళ్ళు పెట్టనే లేదు మేడమ్. ఇప్పటికీ వాళ్ళ సైట్లో 'త్వరలో' అనే ఉంది. నాది కాదనే అనుకున్నాను."

"పెట్టారు" అన్నాను. "విషం కలిపి, ఆకుపచ్చ రంగు పూసి, పుస్తకం బొమ్మ తగిలించి, మాస్టారి సైటు వేషం వేసి పెట్టారు. ఆదివారం ఆరింటికే. బస్సు డ్రైవరు ఆరూ ఇరవైకి దింపుకున్నది అదే."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. నేను ఆఫీసరు వైపు తిరిగాను. ఏడో పేజీ అతని ముక్కుకి ఎదురుగా పట్టుకున్నాను.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ ఫొటో శనివారం మూడింటిది. ఆ సమయానికి నాలుగూ ముప్పై అయిదు కాపీ ప్రపంచంలో రెండే రెండు చోట్ల ఉంది. ఒకటి ఈయన కంప్యూటరు. రెండోది ఎక్స్‌ప్రెస్ వాళ్ళ పెట్టె. మీ పరిశీలన విభాగం ఏ గోడ దూకి తెచ్చుకుంది?"

"ముళ్ళు ఎటైనా తిప్పొచ్చు" అన్నాడు. కానీ గొంతులో ఇందాకటి పొగరు లేదు.

"తిప్పొచ్చు. మాస్టారికి పంపింది శుక్రవారం మొదలుకుని తొంభై ఆరుగురి ఇళ్ళకి వెళ్ళింది, అన్నిట్లోనూ తొమ్మిదీ నలభై. మీకు పంపింది మీ దగ్గరే ఉంటుంది, చూసుకో, పదకొండూ అయిదు. ఫొటో ఎవరు తీశారు?"

"నాకు తెలీదు. మా డైరెక్టరు స్వయంగా ఇచ్చాడు."

అతను తొందర మనిషని ముందే చెప్పాను. నేను వద్దనేలోపే గుమ్మంలోకి వెళ్ళి ఫోను చేశాడు. నాకు వినిపించింది ఒక్క వాక్యం. "ఏడో పేజీలో ఫొటో ఎవరు తీశారు సార్?" తర్వాత రెండు నిమిషాలు వింటూ నిలబడ్డాడు. జంక్షను గురించి చెప్పలేదు, గడియారం గురించి చెప్పలేదు. "అలాగే సార్" అని పెట్టేశాడు. టైము మూడూ పదహారు.

మూడూ ఇరవైకి భర్త తన ఫోను నాకు చాపాడు. ఎక్స్‌ప్రెస్ సైటు లేదు. ఖాళీ తెర.

ఆఫీసరు లోపలికొచ్చి బల్లకి ఆనుకున్నాడు. పాత ఆఫీసులో, గోదాము యజమానే నిప్పు పెట్టుకున్నాడని తేలినప్పుడు ఇలాగే ఆనుకునేవాడు.

"ఫిర్యాదు వెనక్కి తెమ్మన్నాడు. రెండు కాపీలూ" అన్నాడు.

"ఇంకేమన్నాడు?"

"ఇద్దరు మనుషుల్ని ఇక్కడికి పంపిస్తున్నాడు. ఇరవై నిమిషాల్లో వస్తారు. వాళ్ళు..." ఆగాడు. తను చెప్పబోయేది తనకే అప్పుడు వినిపించినట్టుంది. "వాళ్ళు ఆవిడ భర్త కంప్యూటరు పట్టుకెళ్తారట."

ఆవిడ మీద రాసిన పదకొండు పేజీల్లో భర్త అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

"నువ్వు భర్త సంగతి ఎత్తావా?" అన్నాను.

"ఎత్తలేదు."

"మరి ఆ ఫైలు పంపింది భర్తేనని మీ డైరెక్టరుకి ఎలా తెలుసు?"

జవాబు అతనికీ తెలుసు. ఆ ఫైలు వచ్చి పడిన ఎక్స్‌ప్రెస్ పెట్టె తెరిచినవాడికే తెలుస్తుంది. ఒక్క గుమ్మం కావాలనుకున్నవాడు మిగతా గుమ్మాలకి తనే నిప్పు పెట్టాడు. ఆఫీసరు ఒక కాపీ సంచిలో పెట్టుకున్నాడు. రెండోది బెల్టుల డబ్బా కిందికి తోశాడు.

"రెండూ నా దగ్గరే ఉన్నాయని చెప్తాను" అన్నాడు. "నాలుగింటిదాకా నమ్ముతాడు. ఆ తర్వాత నా ఉద్యోగం నాది, మీ సంగతి మీది." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "వెనక కుళాయి సందులోంచి వెళ్ళండి. వాళ్ళు పెద్ద రోడ్డున వస్తారు" అన్నాడు. అతని గురించి ఇంతకాలం అనుకున్నవాటిలో సగం వెనక్కి తీసుకున్నాను. సగమే.

కంప్యూటరు వెనక గదిలో ఉంది. బెల్టుల డబ్బా కింది కాపీ నా సంచిలో వేసుకుని, తీగలు పీకమన్నాను. ఆ పెట్టెలో శనివారం పంపిన ఫైలు, తేదీతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. అది కోర్టుదాకా చేరితే ఈవిడ బయట ఉంటుంది, చేరకపోతే లోపల ఉంటుంది. ముందు లైబ్రేరియన్ ఇంటికి, అక్కణ్ణుంచి వకీలు దగ్గరికి. నా గడియారం ఆవిడ బల్లమీద నాలుగు ముక్కలుగా ఉంది, టైము గోడమీద చూసుకోవాల్సి వచ్చింది. మూడూ ముప్పై ఒకటి.

భర్త పెట్టెని ఒక దుప్పటిలో చుట్టాడు. ఎత్తబోయి ఆగాడు.

"నాకిచ్చిన దానిక్కూడా గుర్తు పెట్టావా?"

ఆవిడ గుమ్మం దగ్గర తాళం చెవులు పట్టుకుని నిలబడి ఉంది.

"పెట్టాను."

"కంపెనీకి పెట్టావంటే అర్థముంది. మాస్టారికి పెట్టావు, సరే. నాకెందుకు? నేను ఎవరికో ఇస్తానని అనుకున్నావా?"

నేను సందులోకి తొంగి చూస్తున్నట్టు నటించాను. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

"అనుకోలేదు" అంది ఆవిడ. "ఇస్తారని తెలుసు. మొదటి మోడ్ కూడా మీరు మీ స్నేహితులందరికీ పంచారు, నేను వద్దన్నాక. నాకోసమేనని కూడా తెలుసు. అందుకే మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ముల్లు తిప్పి ఊరుకున్నాను."

అతను దుప్పటి విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాడు. మాకు అంత సమయం లేదు, అయినా నేను తొందరపెట్టలేకపోయాను. చివరికి అతను దుప్పటికి ఒక కొస పట్టుకుని రెండో కొస ఆవిడ వైపు చాపాడు. పెట్టె బరువుగా ఉంది. ఆవిడ వచ్చి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నా వెనకే సందులోకి దిగారు.